పిరమిడ్‌కు ఉత్తరాన ఉన్న బావి

1926లో మెక్సికో ప్రభుత్వం యుకటాన్ అడవిలో ఒక అమెరికన్ ఎస్టేటును జప్తు చేసింది. ఆ ఎస్టేటు హద్దుల్లో పొలాలూ పశువులూ మాత్రమే లేవు, చిచెన్ ఇట్సా అనే మాయన్ల మహానగరం శిథిలాలన్నీ ఉన్నాయి. మెట్ల పిరమిడ్, బంతాట మైదానం, వరసలు వరసలుగా నిలబడ్డ రాతి స్తంభాలు, చుక్కలు చూసే గుండ్రటి కట్టడం అన్నీ ఒకే మనిషి ఆస్తి. అయితే ప్రభుత్వం అతని మీద మోపిన అభియోగం వీటిలో దేని గురించీ కాదు. పిరమిడ్‌కు ఉత్తరాన మూడు వందల మీటర్ల దూరంలో ఉన్న ఒక బావి గురించి. ఆ జప్తుకు ఈ ఏడాదితో నూరేళ్లు.

ఈ ఏడాదే ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మెక్సికోలోనూ జరగడంతో ఆ దేశం పేరు మన ఇళ్లల్లో ఎక్కువగా వినిపిస్తోంది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటున్న మన పిల్లలకు మాత్రం అది ఎప్పట్నుంచో దగ్గరే. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకు వేరే వీసా అక్కర్లేదు కాబట్టి, వరసగా సెలవులు కలిసొస్తే కాన్‌కూన్‌కు టికెట్లు కొనేస్తారు. ఇక్కణ్నుంచి వెళ్లిన తల్లిదండ్రుల్నీ వెంటబెట్టుకెళ్తారు. సముద్రం ఒడ్డున ఒకట్రెండు రోజులు గడిచాక అందరూ చేసే పని దాదాపు ఒకటే. పొద్దున్నే హోటల్ ముందు బస్సెక్కుతారు. అడవి మధ్య తిన్నటి రోడ్డు మీద రెండున్నర గంటల ప్రయాణం. చిచెన్ ఇట్సాలో గైడు వెంట కొంతసేపు నడక, ఆ దగ్గర్లోనే ఒక సెనోటేలో ఈత, భోజనం, వయదొలిద్ అనే పాత స్పానిష్ ఊళ్లో కాసేపు ఆగడం. చీకటి పడేసరికి మళ్లీ హోటల్.

సెనోటే అంటే సున్నపురాతి నేల కుంగి, కిందున్న భూగర్భజలం బయటపడగా ఏర్పడిన సహజమైన బావి. ఈ ఒక్క రోజు ప్రయాణంలో ఇలాంటివి రెండు తగులుతాయి. ఒకదాంట్లో అందరూ దిగి ఈదుతారు. రెండోదాన్ని గట్టు మీంచి నాలుగు ఫొటోలు తీసి వదిలేస్తారు. బస్సు టైమైపోతోందని అటువైపే వెళ్లనివాళ్లూ బోలెడంత మంది. నా దృష్టిలో చిచెన్ ఇట్సా అంటే ఆ రెండో బావే. పిరమిడ్ ఎంత గొప్పదైనా దాని తరవాతే.

ఆ నేల సంగతి ముందు చెప్పాలి. ఆరు కోట్ల అరవై లక్షల ఏళ్ల కిందట ఒక గ్రహశకలం ఇప్పటి యుకటాన్ ఉత్తర తీరం దగ్గర భూమిని ఢీకొట్టింది. డైనోసార్ల యుగం ముగియడానికి అదే కారణమని శాస్త్రవేత్తలు చెప్పేది. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గొయ్యి తరవాత సున్నపురాతి పొరల కింద కప్పబడిపోయింది. 1978లో చమురు కోసం సముద్రం మీద సర్వే చేస్తున్న భూభౌతిక శాస్త్రవేత్తలకు దాని ఆనవాలు దొరికింది. చిక్షులూబ్ అనే తీరగ్రామం పేరు దానికి పెట్టారు. పైనుంచి చూస్తే గొయ్యి అంచు కనబడదు కానీ, ఆ అంచు పొడుగునా సెనోటేలు వంపు తిరిగి బారులు తీరి ఉంటాయి.

ఉత్తర యుకటాన్‌లో నేల మీద పారే నదులు లేవు. కురిసిన వానంతా సున్నపురాతిలోకి ఇంకిపోతుంది. రాయిని కరిగించుకుంటూ కింద సొరంగాలు తొలుస్తుంది. నంద్యాల జిల్లా బెలుం గుహల్లో పాతాళగంగ దాకా దిగినవాళ్లకు ఈ పని ఎలా జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. అక్కడ మనం చూసేది కొన్ని మలుపులే. యుకటాన్‌లో ఒక్క సాక్ ఆక్తున్ వ్యవస్థే సుమారు 347 కిలోమీటర్ల పొడవుందని 2018లో గజ ఈతగాళ్లు తేల్చారు. అదంతా నీళ్లు నిండిన చీకటి దారి. పైకప్పు ఎక్కడ కూలితే అక్కడ మనిషికి నీళ్లు. ఎక్కడ నీళ్లు దొరికితే అక్కడ ఊరు. ఇది అర్థమైతే మాయన్ల చరిత్రలో సగం అర్థమైనట్టే.

చిచెన్ ఇట్సాకు రెండు పెద్ద బావులున్నాయి. ఊరి మధ్యన ఉన్న షతోలోక్ బావి తాగడానికి. ఉత్తరాన ఉన్నది దేవుడికి. దక్షిణాది అడవుల్లో తికాల్, పాలెంకే లాంటి నగరాలు తొమ్మిదో శతాబ్దంలో ఒక్కొక్కటే పాడుబడుతున్న కాలంలో ఈ నగరం పెరిగింది. రెండు శతాబ్దాల పాటు ఆ ద్వీపకల్పంలో దీని మాటే చెల్లింది. ఆ తరవాత పెత్తనం పడమరనున్న మాయాపాన్‌కు పోయింది.

ఎలా పోయిందో చెప్పే కథలో కూడా ఈ బావే ఉంది. చిలమ్ బలమ్ అనే మాయా గ్రంథాల ప్రకారం, వాన దేవుడి మాట వినడానికి బావిలోకి పంపినవాళ్లెవరూ తిరిగి రాని సమయంలో హునాక్ కీల్ అనేవాడు తనంతట తానే దూకి, దేవుడి జోస్యంతో ప్రాణాలతో పైకొచ్చి, మాయాపాన్‌కు పాలకుడయ్యాడు. ఇది ఎంతవరకు చరిత్రో తేల్చడం కష్టం. కానీ ఒక రాజు తన అధికారానికి రుజువుగా కత్తినో వంశాన్నో కాక, బావిలో మునిగి తేలడాన్ని చూపించుకున్నాడంటే ఆ బావి ఎంతటిదో తెలుస్తుంది.

గైడు మాత్రం మనల్ని ముందు పిరమిడ్ దగ్గరికే తీసుకెళ్తాడు, తీసుకెళ్లాలి కూడా. కుకుల్కాన్ అనే రెక్కల నాగదేవత గుడి అది. పైనున్న గర్భగుడితో కలిపి ముప్ఫై మీటర్ల ఎత్తు. నాలుగు వైపులా తొంభై ఒక్క మెట్ల చొప్పున, పైన అరుగుతో కలిపి 365. ఏడాదిని రాతిలో కట్టారు. మార్చిలోనూ సెప్టెంబరులోనూ రాత్రీ పగలూ సమానమయ్యే రోజుల్లో, సాయంత్రపు ఎండకు ఉత్తరపు మెట్ల పక్క గోడ మీద త్రికోణాల వెలుగు పడి, కిందున్న రాతి పాము తలతో కలిసి, ఒక పాము దిగి వస్తున్నట్టు కనిపిస్తుంది. గైడు మెట్ల ఎదుట నిలబడి చప్పట్లు కొడితే తిరిగొచ్చే ప్రతిధ్వని పక్షి కూతలా వినిపిస్తుంది. అది మాయన్లు పవిత్రంగా చూసే కెట్సాల్ పిట్ట కూత అని చెబుతారు. మెట్లెక్కనివ్వడం ఆపేసి దాదాపు ఇరవై ఏళ్లయింది, అది మంచి నిర్ణయం. ఆ పిరమిడ్ కడుపులో ఇంకో పాత పిరమిడ్ ఉంది, దాని లోపల మరొకటి. ఈ మొత్తానికీ అడుగున కూడా నీళ్లు నిండిన గుంత ఉన్నట్టు మెక్సికో భూభౌతిక శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. పిరమిడ్‌ను కూడా నీళ్ల మీదే కట్టారన్నమాట.

అక్కణ్నుంచి ఉత్తరానికి తెల్లటి సున్నపు బాట ఒకటి పోతుంది. మాయన్లు పోసిన రోడ్డే. ఇప్పుడు రెండు వైపులా చెక్క ముసుగులూ కుట్టు పని చేసిన గౌన్లూ అమ్మేవాళ్లుంటారు. జాగ్వార్ గాండ్రింపు వినిపించే ఊదుడు బొమ్మలూ అమ్ముతారు. చెట్లు దగ్గరపడే కొద్దీ ఆ సందడి వెనకబడుతుంది. బాట చివర నేల ఒక్కసారిగా తెగిపోతుంది. అరవై మీటర్ల వెడల్పు, నిట్టనిలువు రాతి గోడలు, ఇరవై మీటర్లకు పైగా లోతున పచ్చటి కదలని నీళ్లు. దిగడానికి మెట్లు లేవు. అంచున చిన్న రాతి గది శిథిలం ఉంది. ఆవిరి స్నానాల గది అంటారు. బావికి ఇవ్వబోయే వాళ్లనైనా వాటినైనా శుద్ధి చేసింది అక్కడేనని ఊహ.

ఈ బావి గురించి యూరప్‌కు చెప్పినవాడు దియెగో దె లాండా. ఫ్రాన్సిస్కన్ సన్యాసి. 1549లో యుకటాన్ వచ్చాడు. 1562 జులైలో మానీ అనే ఊళ్లో మాయన్ల విగ్రహాలనూ చెట్టుబెరడు కాగితం మీద రాసిన పుస్తకాలనూ పోగేసి తగలబెట్టించాడు. పుస్తకాలు ఇరవై ఏడని ఒక లెక్క. ఈ రోజు ప్రపంచం మొత్తం మీద మిగిలిన మాయా పుస్తకాలు నాలుగే. ఆ చర్యలకు సంజాయిషీ చెప్పుకోవడానికి స్పెయిన్ వెళ్లినప్పుడు, అదే మనిషి మాయన్ల ఆచారాలూ కాలెండరూ లిపీ వివరిస్తూ ఒక గ్రంథం రాశాడు. కరువు కాలంలో చిచెన్ ఇట్సా బావిలోకి మనుషులనూ విలువైన వస్తువులనూ వేసేవాళ్లనీ, ఈ దేశంలో బంగారమంటూ ఉంటే ఎక్కువభాగం ఆ బావిలోనే ఉండాలనీ అందులో రాశాడు. ఆ గ్రంథం ప్రతి మాద్రిద్‌లో మూడు శతాబ్దాలు మరుగున పడి ఉంది. బ్రాస్యూర్ దె బుర్బూర్ అనే ఫ్రెంచి పాద్రీ దాన్ని వెలికితీసి 1864లో అచ్చు వేశాడు. తరవాతి కాలంలో రష్యన్ పండితుడు యూరీ క్నోరోజోవ్ మాయా లిపి గుట్టు విప్పింది కూడా లాండా రాసిపెట్టిన అక్షరాల పట్టిక ఆధారంగానే. తగలబెట్టిన చెయ్యే తాళంచెవి ఇచ్చింది. లాండాను నేను క్షమించలేను, కానీ అతని పుస్తకం లేని మాయా చరిత్రను ఊహించలేను.

ఆ బంగారం మాట మీద మనసు పడ్డవాడే ఎడ్వర్డ్ హెర్బర్ట్ థాంప్సన్. మసాచుసెట్స్‌లోని వుస్టర్ అతని ఊరు. మునిగిపోయిన అట్లాంటిస్ కట్టుకథ కాదనీ, మాయన్లకూ దానికీ సంబంధం ఉందనీ 1879లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. ఆ వాదనలో పస లేదు. కానీ ఆ ఉత్సాహం పురాతత్వ పోషకుల కంట పడింది. వాళ్ల పలుకుబడితో 1885లో యుకటాన్‌కు అమెరికా కాన్సల్‌గా నియమితుడై, భార్యాబిడ్డలతో వచ్చేశాడు. కాన్సల్ పని తక్కువ, అడవులు పట్టుకు తిరగడం ఎక్కువ. మాయా భాష నేర్చుకున్నాడు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనం కళ్లప్పగించి చూసిన ఉష్మల్, లాబ్నా కట్టడాల అచ్చులు అతను తీయించినవే. మరుసటి ఏడాది, పాడుబడిన చిచెన్ హసియెండాను ఒక ధనిక మిత్రుడి సాయంతో కొనేశాడు. హసియెండాతో పాటు శిథిల నగరమూ వచ్చింది, బావీ వచ్చింది.

ఇక్కణ్నుంచి అతను చేసింది పిచ్చి పనో మహత్తర కార్యమో తేల్చుకోలేం. ఎన్నిసార్లు చదివినా ఈ ఘట్టం దగ్గర నేను ఆగిపోతాను. బోస్టన్ వెళ్లి సముద్రంలో మునిగే విద్య నేర్చుకున్నాడు. బావి అడుగు తవ్వడానికి క్రేను, ఉక్కు తొట్టె, తాళ్లు, కప్పీలు సమకూర్చుకున్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పీబాడీ మ్యూజియం పోషకులు డబ్బిచ్చారు. బావిలో ఎక్కడ తవ్వాలి? మనిషంత బరువున్న చెక్క దుంగలు చేయించి, గట్టు మీంచి విసిరి, అవి ఎక్కడ పడుతున్నాయో గుర్తు పెట్టుకున్నాడు. పూజారులు విసిరినవీ అక్కడే పడి ఉంటాయని లెక్క. ఆ లెక్క తప్పలేదు.

1904లో పని మొదలైంది. మాయా కూలీలు చేతులతో చక్రం తిప్పుతుంటే ఉక్కు తొట్టె నీళ్లలోకి దిగేది, నల్లటి బురదతో పైకొచ్చేది. రోజుల తరబడి బురద, కుళ్లిన ఆకులు, చెట్ల మొదళ్లు. ఒకసారి అడవి జంతువుల ఎముకలు. ఎప్పుడో కాలుజారి పడ్డవై ఉంటాయి. ఇంత డబ్బూ ఇంతమంది మాటా ఒడ్డి చివరికి అభాసుపాలవుతానేమోనని తనకు నిద్ర పట్టేది కాదని ముసలితనంలో రాసుకున్న పుస్తకంలో చెప్పుకున్నాడు. ఓ మబ్బు పట్టిన ఉదయం తొట్టెలో పసుపు కలిసిన తెల్లటి ఉండలు రెండు కనిపించాయి. తీసి చూశాడు, నాలిక మీద పెట్టి చూశాడు, చివరికి నిప్పుల మీద వేశాడు. పరిమళం గుప్పుమంది. కోపాల్. మాయన్లు దేవుడి ముందు ధూపం వేసే చెట్టు జిగురు. ఎప్పుడో ఒక ముసలి మాయా వైద్యుడు, పూర్వీకులు ధూపం ఉండలు చేసి దేవుడికిచ్చేవాళ్లని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి చాలా రోజుల తరవాత హాయిగా నిద్రపోయానని రాశాడు.

ఆ తరవాత బావి ఇవ్వడం మొదలుపెట్టింది. గ్వాటెమాలా నుంచి వచ్చిన జేడ్ అనే పచ్చరాయి. పనామా, కోస్టారికాల వైపు నుంచి వచ్చిన బంగారం. దాన్ని పల్చటి బిళ్లలుగా సాగగొట్టి యోధుల బొమ్మలు ఉబ్బెత్తుగా చెక్కారు. రాగి గజ్జెలు, రబ్బరు బొమ్మలు, ఈటెలు విసిరే చెక్క సాధనాలు, పాముల పిడి ఉన్న కత్తి. అన్నిటికంటే అపురూపమైనవి బట్ట ముక్కలూ బుట్టల తునకలూ. యుకటాన్ చెమ్మ నేలలో బట్టా కర్రా మిగలవు. గాలి చొరని బురద ఒక్కటే వాటిని దాచింది. చాలా వస్తువుల్ని విసిరేముందు కావాలనే పగలగొట్టారు, కాల్చారు. దేవుడికిచ్చింది మళ్లీ మనిషికి పనికిరాకూడదు.

తొట్టెకు అందనివి రాతి సందుల్లో ఉండిపోయాయి. దాంతో థాంప్సన్ తానే దిగాడు. బహామాస్‌లో స్పాంజిలు ఏరే గ్రీకు ఈతగాడు నికోలస్‌ను పిలిపించుకున్నాడు. నీళ్ల మీద తెప్ప కట్టి, గాలి పంపు కొట్టడం మాయా కూలీలకు నేర్పారు. నీరు చొరని కాన్వాస్ దుస్తులు, రాగి శిరస్త్రాణం, మెడలో సీసపు దిమ్మలు, ఇనుప అడుగుల బూట్లు. దిగేముందు కూలీలు ఒక్కొక్కరే గంభీరంగా వచ్చి చేతులు కలిపారట. మళ్లీ కనబడతాడన్న ఆశ వాళ్లకు లేదు. కొన్ని అడుగుల్లోనే వెలుగు పసుపు నుంచి పచ్చకు, పచ్చ నుంచి నల్లటి ఊదాకు మారింది. ఆపైన కటిక చీకటి. దీపాలు ఆ బురద నీటిని చీల్చలేకపోయాయి. వేళ్లతో తడుముకుంటూ బండల పగుళ్లు వెతికారు. తవ్వకానికి వదులైన రాళ్లూ దుంగలూ పైనుంచి జారి పడుతుంటే, వాటికన్నా ముందొచ్చే నీటి తోపుడే వాళ్లను పక్కకు నెట్టి కాపాడింది. ఒకసారి దొరికినదాన్ని చూపించాలన్న ఆత్రంలో గాలి వదిలే మరలు మరచి, సర్రున పైకి లేచి తెప్పకు తల కొట్టుకున్నాడు. చెవులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. కాన్సల్ గారి సాహసం గురించి అందరూ రాశారు. ఆ పంపు ఆగకుండా కొట్టిన మాయా కూలీల పేర్లు కూడా ఎవరైనా రాసి ఉండాల్సింది.

దొరికినవన్నీ ఎటు వెళ్లాయన్నది కథలో రెండో సగం. పురావస్తువులు జాతి సొత్తనీ, అనుమతి లేకుండా దేశం దాటించకూడదనీ మెక్సికో 1897లోనే చట్టం చేసింది. ఆ సంగతి కాన్సల్‌కు తెలియకపోవడమన్నది లేదు. వస్తువులు కొన్నేళ్ల పాటు కొద్దికొద్దిగా హార్వర్డ్ చేరాయి. మ్యూజియం వాటిని బయటపెట్టకుండా ఉంచింది. 1923లో న్యూయార్క్ టైమ్స్ విలేఖరి ఆల్మా రీడ్ చిచెన్ వచ్చింది. ముసలివాడైన థాంప్సన్ ఆమెతో ఉన్నదంతా చెప్పేశాడు, ఆమె రాసింది. ఆ ప్రయాణంలోనే ఆమెకు యుకటాన్ గవర్నర్ ఫెలిపె కరియో ప్వెర్తోతో పరిచయమై ప్రేమగా మారింది. చిచెన్ ఇట్సాకు రోడ్డు వేయించినవాడు, మాయా రైతుల పక్షాన నిలిచినవాడు ఆయన. ఆమె కోసం రాయించిన 'పెరెగ్రీనా' పాటను యుకటాన్‌లో ఇప్పటికీ పాడుతున్నారు. పెళ్లికి కొద్ది రోజులుందనగా, 1924 జనవరి 3న తిరుగుబాటు సైన్యం మెరిదాలో ఆయన్ను కాల్చి చంపింది. బావి కథలో ఇది పక్కదారే, కానీ ఆ దారిన ఒకసారి వెళ్లకుండా రాలేను.

1926లో ఎస్టేటు జప్తయింది, దావా పడింది. థాంప్సన్ అమెరికా తిరిగి వెళ్లిపోయి 1935లో చనిపోయాడు. ఆ తరవాత తొమ్మిదేళ్లకు, 1944లో, మెక్సికో సుప్రీంకోర్టు తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. వారసులు భూమిని యుకటాన్‌లో పర్యాటక వ్యాపారానికి ఆద్యులైన బర్బచానో కుటుంబానికి అమ్మేశారు. ప్రపంచ వారసత్వ స్థలంగా యునెస్కో గుర్తించిన 1988లో కూడా ఆ పిరమిడ్ కింది నేల ప్రైవేటు ఆస్తే. యుకటాన్ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 22 కోట్ల పెసోలకు కొన్నది 2010లో. హార్వర్డ్ 1970లలో బంగారు, జేడ్ వస్తువులు కొన్ని మెక్సికోకు తిరిగి ఇచ్చింది. మిగిలినవి చాలావరకు ఇంకా అక్కడే ఉన్నాయి. అవి కూడా రావాలి. బురదలోంచి తీసి భద్రపరిచినందుకు కృతజ్ఞత వేరు, సొంతదారెవరన్నది వేరు.

థాంప్సన్ బాగా ప్రచారం చేసిన ఒక కథ మాత్రం ఇంకా జనం నోళ్లలో తిరుగుతోంది. అందమైన కన్యల్ని అలంకరించి బావిలోకి తోసేవారన్నది. బస్సుల్లో ఇప్పటికీ చెబుతారు. బావిలో దొరికిన ఎముకల్ని పరీక్షించిన మానవ శాస్త్రవేత్తలు ఆడా మగా, పెద్దా చిన్నా అందరూ ఉన్నారని, పిల్లలు బాగా ఎక్కువని ఎప్పుడో తేల్చారు. బావికి దగ్గర్లోనే 1967లో బయటపడిన ఒక నేలమాళిగలో వందకు పైగా పిల్లల అస్థికలున్నాయి. వాటిలో 64 మంది జన్యువులు చదివి 2024లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. అరవై నలుగురూ మగపిల్లలే. దగ్గరి బంధువులు చాలామంది. రెండు జతలు ఏకరూప కవలలు. మాయన్ల పురాణంలో పాతాళానికి వెళ్లి మృత్యుదేవతల్ని గెలిచేది కవలలే. ఆ పరిశోధకులు దగ్గరి ఊరు తిష్కకల్తుయూబ్‌లో ఇప్పుడున్న మాయన్ల రక్తం కూడా పరీక్షించి, ఆ పిల్లలతో వీళ్లకు వంశానుబంధం ఉందని చూపించారు. ఆ పిల్లలు వీళ్ల పూర్వీకుల ఇళ్లలోని బిడ్డలు. కన్యల కథ చెప్పే ప్రతి గైడూ ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇంకో సంగతి రంగు గురించి. బావి అడుగున నాలుగు మీటర్లకు పైగా మందాన నీలి బురద పేరుకుని ఉందని థాంప్సన్ గమనించాడు గానీ, ఎందుకో అర్థం చేసుకోలేదు. బావిలో దొరికి షికాగో ఫీల్డ్ మ్యూజియం చేరిన ఒక మూకుడును 2008లో పరిశీలిస్తే జవాబు దొరికింది. నీలిమందు ఆకునూ ఒక తెల్లబంకమట్టినీ కోపాల్‌తో కలిపి కాల్చితే, వెయ్యేళ్లయినా వెలవని మాయా నీలం తయారవుతుంది. బావి గట్టు మీదే, ధూపం వేస్తూనే ఆ రంగు చేశారు. వాన దేవుడికి ఇచ్చే ప్రతిదానికీ, మనుషులతో సహా, ఆ నీలం పూశారు. నీళ్లలో పడ్డాక కరిగి దిగిన రంగే ఆ నాలుగు మీటర్ల పొర. ఎన్ని తరాలు వాన కోసం ఎదురుచూశాయో ఆ మందాన్ని బట్టి తెలుస్తుంది. 1967లో ఒక అమెరికన్ బృందం బావిని తోడేయాలని పంపులు పెట్టి ఓడిపోయింది. తోడేకొద్దీ రాతిలోంచి నీళ్లు ఊరుతూనే ఉన్నాయి.

బస్సు హారన్ కొట్టేది ఈ సమయంలోనే. తరువాతి మజిలీ ఇక్ కిల్. గుండ్రటి నోరు, పైనుంచి వేలాడే వేళ్లు, రాతిలో తొలిచిన మెట్లు. ఇరవై ఆరు మీటర్లు దిగితే నీళ్లు. ఎండలో తిరిగొచ్చిన ఒంటికి ఆ చల్లదనం వర్ణించలేను. ఈత రానివాళ్లకు కూడా లైఫ్ జాకెట్ ఇచ్చి దించుతారు. నల్లటి చిన్న చేపలు కాళ్ల మధ్య తిరుగుతాయి. భోజనాల దగ్గర శాకాహారులు ముందే అడిగి తెలుసుకోవాలి. గుడ్డు తినేవాళ్లు మాత్రం గుమ్మడి గింజల ముద్దలో తేల్చిన పాపద్జూలెస్ వదలొద్దు. అది అచ్చంగా ఆ నేల వంట.

ఇక్కడి నుంచి చరిత్ర ఒక వరసలో నడవదు. 1970 నాటికి కాన్‌కూన్ దాదాపు ఖాళీ ఇసుకతిన్నె. ప్రభుత్వం అక్కడ పర్యాటక నగరం కట్టాలనుకుంది, కట్టింది. ఇప్పుడు చిచెన్ ఇట్సాకు ఏడాదికి ఇరవై లక్షల పైచిలుకు మంది వస్తున్నారు. ఆవరణ లోపల అమ్ముకునే మాయా కుటుంబాలను బయటికి పంపాలని అధికారులు, ఇది మా తాతల నేల అని వాళ్లు. ఈ పేచీ ఏళ్లుగా సాగుతోంది. 2023 చివర్లో మాయా రైలు మొదలైంది. కాన్‌కూన్‌లో ఎక్కి చిచెన్ ఇట్సా స్టేషన్‌లో దిగొచ్చు. దక్షిణపు మార్గంలో ఆ రైలు వంతెన కోసం గుహల పైకప్పు చీల్చుకుని ఉక్కు స్తంభాలు దించారు. నీళ్ల గుహల్లోకి దిగి ఆ ఫొటోలు తీసి గొడవ చేసింది ఈతగాళ్లే. సెనోటేలు ఎక్కువగా ఉన్న ఓమూన్ అనే ఊరి దగ్గర వేల పందులతో ఒక ఫారం వస్తే, ఆ మురుగు తమ నీళ్లలో కలుస్తుందని మాయా పిల్లల పేరున కోర్టులో వ్యాజ్యం వేశారు. 2018లో కోర్టు ఫారాన్ని ఆపించింది. సుప్రీంకోర్టు కూడా 2021లో ఆ నిలుపుదలనే నిలబెట్టింది. మాయన్లు అంతరించిపోయారని మన పాఠాల్లో చదువుకున్నాం. మెక్సికోలో యుకటాన్ మాయా భాష మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఏడు లక్షలకు పైనే ఉన్నారు. మన బస్సు డ్రైవరూ, అన్నం వడ్డించే అమ్మాయీ ఫోన్లో మాట్లాడుకునేది ఆ భాషే కావచ్చు.

వెళ్లేవాళ్లకు రెండు మాటలు. గైడు పిరమిడ్ దగ్గర వదిలి, ఇక మీ ఇష్టం, ఇంత టైముందని చెప్పగానే దుకాణాల వైపు కాక ఉత్తరపు బాట పట్టండి. పావుగంట సరిపోతుంది. పిల్లలుంటే కన్యల కథ కాకుండా, ఆ అరవై నలుగురు పిల్లల సంగతీ నీలి రంగు సంగతీ చెప్పండి. ఇక ఈతకు దిగే రోజు పొద్దున సన్‌స్క్రీనూ దోమల క్రీమూ రాసుకోకండి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. రాసుకుని ఉంటే దిగేముందు అక్కడి షవర్ కింద శుభ్రంగా కడుక్కోండి, తొందరలో తల తడుపుకుని వచ్చేయకండి. ఆ బావులు కింద ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. యుకటాన్ ఊళ్లు తాగేది ఆ భూగర్భజలమే.